ముల్లు పోయి అంకె వచ్చె

మన ఇళ్ళలోంచి ముళ్ళు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నాయి. గులాబీ ముళ్ళ సంగతి కాదండీ నేను చెబుతున్నది. పూర్వం కూరగాయలకు వెళితే మన చూపు వంకాయల మీద కంటే త్రాసు ముల్లు మీదే ఎక్కువగా ఉండేది. ముల్లు నడిమికి రాకుండానే కొట్టతను పళ్ళెం ఎత్తేస్తాడేమోనని కాపలా! "ఏమయ్యా, ముల్లింకా నిలవందే?" అంటే, నవ్వేసి మరో వంకాయ పడేసేవాడు. ఇప్పుడక్కడ ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. 0.985 అంటే 0.985 అంతే. వాటితో పోట్లాడటానికి ఏముంది? రక్తపోటు చూసే డాక్టరు గారి ముల్లూ పోయింది, జ్వరం చూసే పాదరసం గీతా పోయింది. సగం ఇళ్ళలో గోడ గడియారం ముళ్ళు కూడా పోయి, నాలుగు అంకెలు కన్ను గీటుతున్నాయి.

ఆ వరసలో ఈమధ్య మా ఇంట్లో పాత బుల్లెట్ మోటారు సైకిలు వంతు వచ్చింది. దాని వేగం చూపే ముల్లు పోయి అంకెలు వచ్చాయి. మగవాళ్ళ మోటారు సైకిలు మీటరు గురించి మనకెందుకు అంటారా? కొంచెం ఓపిక పట్టండి. ఈ కథలో గడియారాలున్నాయి, రాజులున్నారు, పద్దుల పుస్తకముంది, చివరికి మన కుట్టు టేపు కూడా ఉంది.

ముందు ముల్లు సంగతి చూద్దాం. నా మెట్టినిల్లు హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురలో. మా ఊళ్ళో జనమంతా తలెత్తి చూసిన ముల్లు చార్మినారుది. చార్మినారు కట్టింది 1591లో. దాని నాలుగు వైపులా ఇప్పుడు మనం చూసే గడియారాలు పెట్టింది 1889లో. అంటే మూడువందల ఏళ్ళ పాటు చార్మినారు ఎవరికీ టైము చెప్పకుండానే గడిపేసిందన్నమాట! అజాను విని, గుడిగంట విని, నీడ చూసి పనులు చేసుకున్న జనానికి ఆ గుండ్రటి బిళ్ళలు కొత్త అలవాటు నేర్పాయి. మూడేళ్ళ తర్వాత, 1892లో, ప్రధాని ఆస్మాన్ జా మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కట్టించాడు. అక్కడికి దగ్గరలోనే చౌమహల్లా పాలెస్ గేటు మీద ఖిల్వత్ గడియారం ఉంది. వారానికోసారి దానికి చేత్తో కీ ఇవ్వాలి. ఆ పని గడియారాల మరమ్మత్తు తెలిసిన ఒక కుటుంబం వాళ్ళు చూస్తూ వచ్చారు.

గుండ్రటి బిళ్ళ, దాని మీద అంకెలు, మధ్యలో ముల్లు. టైము చూడటానికి పుట్టిన ఈ ముఖమే తర్వాత వేగం చూడటానికీ పనికొచ్చింది. అది యాదృచ్ఛికం కాదు. ఆ సంగతి చెప్పేముందు, మనిషి దూరాన్ని ఎలా లెక్కపెట్టాడో చూడాలి. ఎందుకంటే వేగం కంటే ముందు పుట్టింది దూరం లెక్కే.

రెండువేల ఏళ్ళ క్రితం రోమును ఏలిన రోజుల్లో విట్రూవియస్ అనే వాస్తు పండితుడు ఒక బండిని వర్ణించాడు. చక్రం నాలుగువందల సార్లు తిరిగితే ఒక మైలు. మైలు పూర్తవగానే పళ్ళచక్రాల మీద నుంచి ఒక గులకరాయి టక్కున డబ్బాలో పడుతుంది. ఊరు చేరాక రాళ్ళు లెక్కపెట్టుకోవడమే! చైనావాళ్ళది ఇంకా ముచ్చటైన ఏర్పాటు. బండి మీద చెక్కబొమ్మ ఒకటి ఉండేది. ఒక 'లీ' దూరం నడవగానే అది డప్పు మీద ఒక దెబ్బ వేసేది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం చూడటానికి మనం పిల్లల్ని చంకనేసుకుని తోసుకుంటూ నిలబడతాం కదా, ఆ బొమ్మకు ఈ డప్పు బొమ్మను ముత్తాత అనుకోవచ్చు.

మన దేశంలో దూరాన్ని ఆమడల్లో, క్రోసుల్లో చెప్పుకునేవాళ్ళం. ఇంగ్లీషువాళ్ళు సర్వేలు మొదలుపెట్టాక పొడుగాటి కర్రకు ఒకే చక్రం బిగించి, దాన్ని దొర్లించుకుంటూ రోడ్లు కొలిచేవారు. దానికి తగిలించిన బిళ్ళ మీద ముల్లు తిరుగుతూ ఎంత దూరం వచ్చారో చెప్పేది. ఆ యంత్రం పేరు పెరాంబులేటర్. ఇంగ్లీషు తల్లులు పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి పేరూ అదే! ఒక చక్రం దేశాన్ని కొలిచింది, ఇంకోటి పాపాయిని ఊరేగించింది.

క్రోసులు పోయి మైళ్ళొచ్చాయి, మైళ్ళు పోయి కిలోమీటర్లొచ్చాయి. 1956లో తూనికలు కొలతల చట్టం, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు. మా అత్తగారి తల్లిగారు ఈ మార్పులన్నీ ఒక్క జీవితంలో దాటారు. హాలీ సిక్కా నుంచి ఇండియా రూపాయికి, అణాల నుంచి పైసలకి, సేర్ల నుంచి కిలోలకి! కొలత మారినప్పుడల్లా ఇంటి లెక్క తప్పకుండా చూసుకున్నది ఆడవాళ్ళే. ఆ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక వేగం. మనిషి తన వేగాన్ని అంకెల్లో తెలుసుకోవాలని ఎప్పుడు అనుకున్నాడు? పోలీసు పట్టుకున్నప్పుడు! ఇంగ్లండులో 1865 నాటి చట్టం ప్రకారం యంత్రపు బండి ఊళ్ళో గంటకు రెండు మైళ్ళు దాటకూడదు. 1896 జనవరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన కెంట్ జిల్లాలో ఎనిమిది మైళ్ళ వేగంతో వెళుతుంటే ఒక కానిస్టేబులు సైకిలు మీద వెంటపడి పట్టుకున్నాడు. వేగం మితిమీరినందుకు మోటారు నడిపేవాడికి పడ్డ మొదటి జరిమానాల్లో అదొకటి. అదే ఏడు హద్దును 14 మైళ్ళకు, 1903లో 20 మైళ్ళకు పెంచారు. హద్దు పెట్టాక, హద్దులో ఉన్నామో లేదో తెలియాలి కదా? కారు నడిపే దొరలకు మీటరు అవసరం అట్లా పెరిగింది.

1902లో ఓటో షుల్జ్ అనే ఆయన జర్మనీలో ఒక మీటరుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రం దగ్గర్నుంచి ఒక సన్నటి ఇనుప తీగ, అంటే కేబులు, గొట్టంలో మెలితిరుగుతూ మీటరు దాకా వస్తుంది. దాని కొసన చిన్న అయస్కాంతం. ఆ అయస్కాంతాన్ని ముట్టుకోకుండా, దానిమీద బోర్లించినట్టు ఒక అల్యూమినియం గిన్నె. అయస్కాంతం గిర్రున తిరిగితే గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి, దాన్నీ వెంట లాగుతాయి. గిన్నె పూర్తిగా తిరిగిపోకుండా వెంట్రుకంత సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ లాగులాటలో గిన్నె ఎంత దూరం ఒరిగితే ముల్లు అంత దూరం కదులుతుంది. ఒకవైపు ఆఫీసు, ఒకవైపు ఇల్లు లాగుతుంటే మధ్యలో మనం నిలబడ్డట్టే! నూరేళ్ళ పాటు ప్రపంచంలో చాలా బళ్ళు ఈ ఉపాయంతోనే నడిచాయి.

ఆ రోజుల్లో ఇలాంటి సున్నితమైన పని చేయగలిగింది గడియారాలవాళ్ళే. లండనులో 1851 నుంచీ గడియారాలమ్మిన స్మిత్ కుటుంబం 1904లో ఎడ్వర్డు రాజు గారి కారుకు వేగం మీటరు చేసిచ్చింది. తర్వాత వాళ్ళు గడియారాల కంటే మీటర్లకే ఎక్కువ పేరుపడ్డారు. 1930ల నుంచి వాళ్ళు మోటారు సైకిళ్ళకు చేసిన ఒక రకం మీటరులో నిజంగా గడియారపు యంత్రమే ఉండేది. అది టిక్కుటిక్కుమంటూ, కొద్ది క్షణాల్లో చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ముల్లును అక్కడ నిలబెట్టి, మళ్ళీ లెక్క మొదలుపెట్టేది. అందుకే ఆ ముల్లు జారదు, గెంతుతుంది. ఈ గెంతు సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇంగ్లండులో పుట్టిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మన సైన్యం కోసం మనదేశం వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. పుట్టినచోట కంపెనీ 1970 నాటికి మూతబడినా, మెట్టినచోట బుల్లెట్టు స్థిరపడిపోయింది. ఆడపిల్లల సంగతి మనకు కొత్తా! దాని హెడ్‌లైటు పైన మీటరు గిన్నె ఉంటుంది. అందులో పెద్దది వేగం ముల్లు, పక్కన బుల్లిది బ్యాటరీకి కరెంటు వస్తోందో పోతోందో చెప్పే ముల్లు. ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే టాకోమీటరు దానికి లేదు. 1983లో మన దేశంలో వచ్చిన రాజ్‌దూత్ 350కి మాత్రం వేగానికొకటి, చుట్లకొకటి రెండు గుండ్రటి బిళ్ళలు పక్కపక్కనే ఉండేవి. బుల్లెట్టువాళ్ళకి ఆ రెండోది లేదన్న చింత ఎప్పుడూ లేదు. దాని చప్పుడే వాళ్ళకు టాకోమీటరు. మిక్సీ గొంతు మారితే పిండి గట్టిపడిందని మనకు తెలియదూ? అట్లాగే.

మా మామయ్యగారు 1979లో కొత్త బుల్లెట్టు కొన్నారు. గౌలిపుర నుంచి నాంపల్లి ఆఫీసుకు దాని మీదే. ఆయన పోయాక మా వారు కొన్నాళ్ళు నడిపారు. ఆ తర్వాత అది గోనెపట్టా కప్పుకుని మెట్లకింద విశ్రాంతి తీసుకుంది. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి నిరుడు దాన్ని బయటికి లాగాడు. ఇంజను పలికింది గానీ వేగం ముల్లుకు పక్షవాతం వచ్చింది. బండి ఒకే తీరున పోతున్నా ముల్లు 40కీ 70కీ మధ్య గజగజ వణుకుతోంది. వీధికో కెమెరా ఉన్న ఈ రోజుల్లో ఆ వణుకుడు పనికిరాదు.

వాడు డిజిటల్ మీటరు పెడతానన్నాడు. వాళ్ళ నాన్న పాతదే బాగుచేయించమన్నారు. నేను మధ్యేమార్గంగా వాణ్ణి వెంటబెట్టుకుని పత్తర్‌గట్టి వెనకసందులో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా గాజుపెట్టెలో పాత హెచ్.ఎం.టి.లు, ఆల్విన్లు. ఆల్విన్ మన సనత్‌నగర్‌దే. 1942లో పుట్టి బస్సులు, ఫ్రిజ్జులు చేసిన హైదరాబాద్ ఆల్విన్ 1980ల్లో జపాను సైకో కంపెనీ తోడుతో చేతిగడియారాలు కూడా చేసింది. మా అత్తగారి చేతికి ఇప్పటికీ ఒకటుంది.

పెద్దాయన కంటికి భూతద్దం పెట్టుకుని మీటరు విప్పాడు. చిన్న పట్టకారుతో లోపలి స్ప్రింగు చూపించాడు. "దేఖో బేటా, ఇది కూడా ఘడీయే. దీని స్ప్రింగు, నీ దాదీ చేతి వాచీ స్ప్రింగు రెండూ అక్కాచెల్లెళ్ళు" అన్నాడు ఉర్దూ, తెలుగు కలిపి. కేబులు ఎండిపోయిందట, పళ్ళు అరిగాయట. "బాగుచేస్తానమ్మా. కానీ ఏడాదికోసారి వస్తుండాలి. గడియారమైతే గోడ మీద కూర్చుంటది. ఇది పాపం గుంతలల్ల తిరగాలె."

నేను అడిగాను, "మరి అంకెల మీటరు మంచిదంటారా చాచా?" అని.

"చూసేటోడికి ముల్లు మంచిది, లెక్కేసేటోడికి అంకె మంచిది" అన్నాడాయన. అంతకంటే బాగా నేనైతే చెప్పలేను. ముల్లును కొసకంటితో చూస్తే చాలు, పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది. అంకెను చదవాలి. అందుకే ఇప్పటి ఖరీదైన బళ్ళలో టీవీ లాంటి తెర పెట్టి, ఆ తెర మీద మళ్ళీ ఒక ముల్లు బొమ్మ గీస్తున్నారు! అన్నట్టు, ముల్లు చెప్పేది కూడా పూర్తి నిజం కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు గానీ, కొంత ఎక్కువ చూపవచ్చు. 60లో వెళుతుంటే 70 దాకా చూపినా నేరం కాదు. పిల్లాడి పరీక్ష ఎనిమిదింటికైతే ఏడున్నరకే అని చెప్పి లేపే తల్లి అబద్ధం లాంటిది.

చివరికి అబ్బాయే గెలిచాడు. పుత్లీబౌలిలో మోటారు సైకిలు సామాన్ల కొట్లలో అరచేయంత డిజిటల్ మీటరు కొన్నాడు. వేగం, ఇంజను చుట్లు, తిరిగిన దూరం అన్నీ అందులోనే. ఇంటికి తెచ్చాక తెలిసింది, కొత్త చీర కొంటే జాకెట్టు, గాజులు, చెప్పులు కొన్నట్టుంటుందని! పాత బుల్లెట్టు కరెంటు 6 ఓల్టులు, కొత్త మీటరుకు 12 కావాలి. బ్యాటరీ, బల్బులు, హారను, కరెంటు సరిచేసే పెట్టె అన్నీ మారాయి. మీటరు ఖర్చు కంటే మ్యాచింగు ఖర్చే ఎక్కువైంది.

ఈ మీటరు ఎట్లా పనిచేస్తుందో వాడు చెబుతుంటే నాకు చార్మినారు పక్కనున్న యునానీ ఆసుపత్రి గుర్తొచ్చింది. అక్కడ హకీము గారు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి నాడి చూస్తారు. డిజిటల్ మీటరు చేసేదీ నాడి పట్టడమే! చక్రానికి చిన్న అయస్కాంతం అతికిస్తారు, పక్కన కదలని చోట ఒక కనుపాప లాంటి సెన్సరు. చక్రం ఒకసారి తిరిగితే ఒక నాడి దెబ్బ. 50 కిలోమీటర్ల వేగంలో బుల్లెట్టు చక్రం సెకనుకు దాదాపు ఏడుసార్లు తిరుగుతుంది. లోపలున్న స్ఫటికపు గడియారం టైము కొలుస్తుంటే, మీటరు దెబ్బలు లెక్కపెట్టి అంకె చూపుతుంది. మళ్ళీ లెక్క, మళ్ళీ అంకె. 47, 48, 47 అని గెంతుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న స్మిత్ గారి గెంతే ఇది! అంటే కొత్తదనుకున్న యంత్రం మళ్ళీ గడియారం చేయి పట్టుకునే వచ్చిందన్నమాట.

నాడిని ఇంగ్లీషులో పల్స్ అంటారు. ఆకాశంలో నాడిలాగా కొట్టుకునే నక్షత్రాలను 1967లో జోసిలిన్ బెల్ అనే విద్యార్థిని కనిపెట్టింది. వాటికి పల్సార్లని పేరు పెట్టారు. 1974లో నోబెల్ బహుమతి మాత్రం ఆవిడ గురువుకు వచ్చింది. ఆ సంగతి మీద వేరే వ్యాసం రాయాలి, ఇక్కడ చోటు లేదు. అమెరికాలో 1972లో అమ్మకానికొచ్చిన మొట్టమొదటి ఎలక్ట్రానిక్ డిజిటల్ చేతిగడియారం పేరు పల్సార్. మన దేశంలో 2001లో బజాజ్ వాళ్ళు విడుదల చేసిన మోటారు సైకిలు పేరూ పల్సరే. కొన్నేళ్ళకే దాని మీద ముల్లు పక్కన వెలిగే అంకెలు వచ్చి కుర్రకారును వెర్రెక్కించాయి. నక్షత్రం నుంచి చేతికి, చేతి నుంచి బండికి ఒకే పేరు ప్రయాణం చేసింది.

ఇక మన కుట్టు టేపు. చక్రం ఒకసారి తిరిగితే బండి ఎంత ముందుకు పోతుందో ఆ మీటరుకు మిల్లీమీటర్లలో చెప్పాలి. అది తప్పయితే వేగమూ తప్పు, దూరమూ తప్పు. అబ్బాయి ఇల్లంతా వెతికి, నాయనమ్మ కుట్టు మిషను డబ్బాలోంచి టేపు పట్టుకొచ్చాడు. వాకిట్లో తడి ముగ్గుపిండితో టైరుకొక చుక్క, నేలకొక చుక్క పెట్టాం. మనిషి కూర్చుంటే టైరు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి వాడు బండెక్కి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న, నేను మెల్లగా తోశాం. టైరు చుక్క మళ్ళీ నేలకు తగిలిన చోట రెండో చుక్క. టేపు పొడవు 150 సెంటీమీటర్లే, అక్కడ వేలు పెట్టి మళ్ళీ కొలిస్తే ఇంకో 55. మొత్తం 2050 మిల్లీమీటర్లు. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయినా నూరు కిలోమీటర్లకు అరకిలోమీటరు తేడా వస్తుందట. జాకెట్టు భుజం దగ్గర సెంటీమీటరు తేడా వస్తే ఏమవుతుందో తెలిసిన వాళ్ళం, మనకు చెప్పాలా!

ఇంజను చుట్ల లెక్కకు ప్లగ్గుకు వెళ్ళే తీగ చుట్టూ సన్నటి వైరు చుట్టాడు. ఒక్కో నిప్పురవ్వకు ఒక్కో దెబ్బ. బుల్లెట్టు లాంటి ఇంజనులో రెండు చుట్లకొకసారే రవ్వ పనికొస్తుంది. ఆ సంగతి మీటరుకు చెప్పకపోతే అసలు చుట్లలో సగమే చూపింది. చెప్పాక నిలబడి ఉన్న బండికి నిమిషానికి వెయ్యి దగ్గర అంకె వచ్చింది. "ఇది నాకు చప్పుడుతోనే తెలుసు" అన్నారు మా వారు.

అసలు సమస్య అప్పుడు వచ్చింది. కొత్త మీటరులో తిరిగిన దూరం 000000. అబ్బాయికి అది నచ్చలేదు. పాత మీటరులో 23,614 ఉంది, అదే ఎక్కిస్తానన్నాడు. ఆ మీటరులో మొదటి అంకె మనం ఇవ్వొచ్చు. తులసికోట దగ్గర కూర్చుని అంతా చూస్తున్న మా అత్తగారు అప్పుడు నోరు విప్పారు.

"ఏందిరా, మీ తాత బండి గంతేనా తిరిగింది? ఆగు, నా లెక్కల బుక్కు తెస్త."

ఆవిడ తెచ్చింది ఒక పుస్తకం కాదు, పాత చీర ముక్కలో మూటగట్టిన పదకొండు నోటు పుస్తకాలు. పాలు, చాకలి, కిరాణా పద్దులతో పాటు పెట్రోలు పద్దు. పోసిన ప్రతిసారీ తారీఖు, లీటర్లు, రూపాయలు, మీటరు అంకె. మామయ్యగారు ఆఫీసు నుంచి రాగానే ఈవిడ మంచినీళ్ళిచ్చి మీటరు అంకె అడిగి రాసుకునేవారట. 2003 నవంబరు పేజీలో 99,940 తర్వాతి పద్దు 00,115. పక్కన ఆవిడ రాత: "మీటరు మొదటికొచ్చె. కొబ్బరికాయ కొట్టినం."

ఆ మీటరులో ఐదే గళ్ళు! లక్ష దగ్గరికి రాగానే అది పాపం అన్నీ మర్చిపోయి సున్నా నుంచి మొదలుపెట్టింది. మెట్లకింద బండిని చూసినవాళ్ళెవరైనా ఇరవై మూడువేలే తిరిగిందనుకుంటారు. ఆ మర్చిపోయిన లక్ష కిలోమీటర్లు చీర ముక్కలో భద్రంగా ఉన్నాయి.

"ఇంకోటి," అన్నారు ఆవిడ. "ఎనభై ఏడుల కేబులు తెగి ఏడు నెలలు మీటరు పనిచెయ్యలె. గది కూడ కలపాలె." ఆ ఏడు నెలలకు పోసిన పెట్రోలు 46 లీటర్లు. లీటరుకు 30 చొప్పున 1,380 కిలోమీటర్లు. లక్ష, 23,614, ఆ పైన 1,380. మొత్తం 1,24,994. అబ్బాయి నోరు మెదపకుండా ఆ అంకె ఎక్కించాడు.

నేను ఆ రాత్రి ఆ పుస్తకాలు చదువుతూ కూర్చున్నాను. అంకెల పక్కన ఒక్కో మాట. 'యాదగిరిగుట్ట.' 'నుమాయిష్.' 'ఉస్మానియా దవాఖాన, అత్తమ్మకు.' లాల్ దర్వాజా బోనాలప్పుడు 'బండి తియ్యలె, జనం.' 1990 డిసెంబరు పేజీలో పెట్రోలు పద్దే లేదు. 'కర్ఫ్యూ' అని ఒక్క మాట. కింద పాలపొడి, బియ్యం లెక్క. పాతబస్తీలో ఆ డిసెంబరు సంగతి తెలిసినవాళ్ళకు ఆ ఖాళీ పేజీ చాలు. బండి కదలకపోతే ముల్లైనా అంకెలైనా సున్నా దగ్గరే ఉంటాయి. ఎందుకు కదలలేదో ఏ మీటరూ చెప్పదు. ఆ ఇంట్లో ఉన్న మనిషి రాసిపెడితే తప్ప!

మీరు ఎప్పుడైనా చౌమహల్లా పాలెస్‌కు వెళితే పసుప్పచ్చటి రోల్స్‌రాయిస్ కారొకటి కనిపిస్తుంది. 1912 నాటి సిల్వర్ గోస్ట్. లోపల నిజాము గారు కూర్చోవడానికి సింహాసనం లాంటి ఆసనం. ఊరేగింపులకు తప్ప బయటికి తీయని ఆ కారు దశాబ్దాల తరబడి తిరిగిన దూరం మూడువందల యాభై మైళ్ళ పైచిలుకేనట! మన లెక్కలో 560 కిలోమీటర్లకు అటూ ఇటూ. మా మామయ్యగారు రెండు నెలల్లో తిరిగేసేవారు అంత దూరం. ఆ కారును చూడటానికి టిక్కెట్టుంది, అద్దాలున్నాయి, కాపలా ఉంది. ఉండాల్సిందే, అది చరిత్ర. కానీ ఆఫీసుకీ ఆసుపత్రికీ గుళ్ళకీ పిల్లల బళ్ళకీ తిరిగిన లక్షా పాతికవేల కిలోమీటర్లు కూడా చరిత్రే అని నాకనిపిస్తుంది. దాని కాపలా మా అత్తగారిది.

సెకండ్‌హాండ్ బళ్ళు కొన్నవాళ్ళకు తెలుసు, మీటరు వెనక్కి తిప్పే విద్య ఒకటుందని. పాతవాటిని వేళ్ళతో తిప్పేవారు, కొత్తవాటిని కంప్యూటరుతో తిప్పుతున్నారు. అంకె వెలుగుతోంది కదా అని దానికి నిజాయితీ వచ్చేయదు. అందుకని మీ ఇంట్లో మోటారు సైకిలుకో స్కూటరుకో కొత్త మీటరు పెట్టబోతుంటే, పాతది ఊడదీయకముందే దాని అంకె, తారీఖు ఒక పుస్తకంలో రాయండి. ఒక ఫోటో కూడా తీయండి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్ళ ముందు ధైర్యంగా పెట్టొచ్చు. అమ్మకపోతే మరీ మంచిది. పక్కన ఒక మాట రాసే చోటు మాత్రం వదలండి.

మా పాత మీటరు ఇప్పుడు అత్తగారి మూటలో, పదకొండు పుస్తకాలతో పాటు ఉంది. పన్నెండో పుస్తకంలో మొదటి పద్దు మా అబ్బాయి చేత రాయించారు. ఇంత పెద్ద చదువు చదివినా వాడికి లీటర్లు ఎడమవైపు రాయాలో కుడివైపు రాయాలో తెలియలేదు. ఆవిడే గీతలు కొట్టిచ్చారు.